శికారు అడవి నుంచి జింకల పార్కు దాకా

నల్లగొండ, మిర్యాలగూడ, దామరచర్ల వైపు నుంచి పట్నం పోయే బస్సులు చౌటుప్పల్, హయత్‌నగర్ దాటాక వనస్థలిపురం చేరతాయి. అక్కడ ఆటోనగర్ దగ్గర రోడ్డు పక్కన పొడుగ్గా ఒక కంచె, దాని వెనక ముళ్లచెట్ల అడవి కనిపిస్తాయి. చదువు కోసం, కూలి కోసం, కొలువు కోసం ఆ దారిన పోయిన మన తండాల వాళ్లు వేలమంది ఉంటారు. ఆ అడవి పేరు మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం. జనం నోట్లో మాత్రం జింకల పార్కు.

దాని విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 3,600 ఎకరాలు. చుట్టూ కాలనీలు, లారీల షెడ్లు, ఫ్లైఓవర్లు. నడుమ కృష్ణజింకలు, చుక్కల దుప్పులు, అడవిపందులు, ముళ్లపందులు, కొండచిలువలు, నెమళ్లు. కోటికి దగ్గరైన జనాభా ఉన్న నగరంలో ఇంత అడవి మిగలడం మామూలు విషయం కాదు. అది ఎట్లా మిగిలింది? ఎవరి కోసం మిగిలింది? ఆ మిగలడంలో ఎవరెవరు బయట పడ్డారు? మన పిల్లలను ఆ పార్కుకు తీసుకుపోయే ముందు పంతుళ్లు ఈ మూడు ప్రశ్నలనూ వెంట పెట్టుకుని పోవాలని ఈ వ్యాసం.

శికార్‌గా అంటే

ఈ అడవి ఒకప్పుడు నిజాం రాజుల శికార్‌గా. శికారు అంటే వేట, శికార్‌గా అంటే వేట స్థలం. రాజులకు, నవాబులకు, వాళ్ల ఇంటికి వచ్చిన తెల్లదొరలకు కేటాయించిన వేట అడవి అన్నమాట. అక్కడ జింకను కొట్టే హక్కు రాజుకు ఉండేది. ఊరి మనిషి అదే జింకను కొడితే దొంగతనం అయ్యేది. అడవి ఒకటే, జింక ఒకటే, బాణం పట్టిన చేయిని బట్టి అది వేటో నేరమో తేలేది. మన చరిత్రలో అడవి చట్టం తొలి పాఠం ఇదే.

వేట అప్పట్లో రాజరికపు దర్జా. దక్కన్ దర్బారుల్లో పెంపుడు చీతాలను కృష్ణజింకల మీదికి వదిలి వినోదం చూసేవాళ్లు. ఆ చీతాలు మన దేశంలో అంతరించాయని 1952లో ప్రకటించారు. మళ్లీ 2022లో ఆఫ్రికా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. పులివేట అంతకంటే పెద్ద దర్జా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటలో పేరు మోసినవాడు. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది ఆయన పేరు మీదనే. అంటే మన జిల్లా పేరులోనే ఒక వేటగాడు ఉన్నాడు. ఆ జిల్లా దక్షిణపు కొసన నల్లమలలో తరతరాలుగా వేటాడి బతికిన చెంచుల పేరు ఏ జిల్లాకూ రాలేదు.

1902 ఏప్రిల్‌లో వైస్రాయి లార్డ్ కర్జన్ భార్యతో కలిసి నిజాం రాజ్యానికి వచ్చి, వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులివేట ఆడాడు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. చచ్చిన పులి, దాని వెనక తుపాకులు పట్టిన దొరలు. ఆ పులి మంచె ముందుకు దానంతట అది నడిచి రాలేదు. అట్లాంటి వేటల్లో ఊళ్ల నుంచి మనుషులను రప్పించి, వరసగా నిలబెట్టి, డప్పులు కొట్టిస్తూ, కేకలు వేయిస్తూ మృగాన్ని మంచె వైపు తోలించేవాళ్లు. దీన్ని హాకా అనేవాళ్లు. తుపాకీ పట్టిన దొర మంచె మీద ఉంటాడు. పులికి ఎదురు నడిచేవాడు కింద ఉంటాడు, వాడి చేతిలో కర్ర ఉంటుంది. అటువంటి ఫోటో పిల్లలకు చూపించినప్పుడు, ఫోటోలో లేని మనుషులను కూడా లెక్కపెట్టమని చెప్పాలి.

కంచ, గైరాను, పుల్లరి

రాజుకు శికారు అడవి ఉంటే, ఊరికి వేరే అడవి ఉండేది. మన తెలంగాణ పల్లెల్లో దాన్ని కంచ అన్నాం, బంచరాయి అన్నాం. సర్కారు లెక్కల్లో గైరాను అని రాశారు. పశువులు మేసేది అక్కడ, కట్టెపుల్ల ఏరేది అక్కడ, మోదుగాకు, తునికాకు, సీతాఫలం, రేగుపండు దొరికేది అక్కడ. నల్లగొండ, మహబూబ్‌నగర్ నేలలు ఎత్తునేలలు, వానకు ఎదురుచూసే నేలలు. పంట పోయిన ఏడు పశువును, మనిషిని నిలబెట్టింది ఈ కంచలే.

లంబాడీలకు ఇది ఇంకా దగ్గరి సంగతి. మన పెద్దలు ఎడ్ల బిడారాల మీద ఉప్పు, ధాన్యం మోసి, మొగలుల సైన్యాలకూ ఆ తర్వాత వచ్చిన రాజుల సైన్యాలకూ తిండి అందించారు. వేల ఎడ్లు మేయాలంటే దారి పొడుగునా గడ్డి కావాలి. రైళ్లు, బండిబాటలు వచ్చి ఆ వ్యాపారం పడిపోయాక, గడ్డి దొరికే చోట, నీళ్లు దొరికే చోట తండాలు నిలిచాయి. పశువులే ఆస్తిగా బతికారు. అదే కాలంలో సర్కారు అడవులకు హద్దురాళ్లు పాతింది. 1326 ఫసలీలో, ఆ తర్వాత 1355 ఫసలీలో హైదరాబాదు అటవీ చట్టాలు వచ్చాయి. మన లెక్కలో అవి 1916-17, 1945 ప్రాంతాలు. అడవిలో పశువు మేస్తే పుల్లరి కట్టాలి. కట్టె తెస్తే చౌకీదారుకు జవాబు చెప్పాలి. ఇదివరకు దారిగా ఉన్న చోటు సరిహద్దు అయింది.

కంచ అనే మాటను ఒకసారి ఆలోచించండి. పశువులు మేసే బీడును కంచ అన్నాం. దాని చుట్టూ వేసే ముళ్లను కంచె అన్నాం. ఒక అక్షరం తేడాలో మేత ఉంది, మేతకు అడ్డమూ ఉంది. మన అడవుల కథ అంతా ఈ రెండు మాటల నడుమనే నడిచింది.

వేట ఆగింది, కంచె ఉంది

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. శికారు అడవులు సర్కారు అడవులయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేటను నిషేధించింది. 1975లో, వర్ధమాన మహావీరుని 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా వనస్థలిపురం అడవికి ఆయన పేరు పెట్టారు. అహింసను బోధించినవాడి పేరు ఒక వేట అడవికి రావడం మంచి మార్పే. 1994లో దానికి జాతీయ ఉద్యానవనం హోదా కల్పించారు. జూబ్లీహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ ఉన్న అడవి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంగా, చిలుకూరు దగ్గరి అడవి మృగవనిగా మారాయి. తెలంగాణలో జాతీయ ఉద్యానవనాలు ఈ మూడే. మూడూ హైదరాబాదు చుట్టూనే ఉన్నాయి.

జాతీయ ఉద్యానవనం అనే మాటకు చట్టంలో గట్టి అర్థం ఉంది. అభయారణ్యంలో అనుమతితో పశువులు మేయవచ్చు. జాతీయ ఉద్యానవనంలో మేపడం అసలే కుదరదు. ఆ భూమి మీద ఎవరికైనా హక్కులు ఉంటే వాటిని ముందే తేల్చి, సర్కారు తీసుకోవాలి. ఆ తర్వాత మనిషి అక్కడికి టికెట్టు కొనుక్కుని వచ్చే సందర్శకుడే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కంచె లేకుంటే ఈ అడవి ఉండేది కాదు. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఒకప్పుడు ఉన్న పొలాలు, బీళ్లు ఏమయ్యాయో మన కళ్ల ముందే ఉంది. అన్నీ ప్లాట్లు అయ్యాయి. గజం లెక్కన భూమి అమ్ముడుపోయే చోట 3,600 ఎకరాలు అమ్ముడుపోకుండా నిలిచింది. కృష్ణజింక నిలిచింది. వానాకాలం ఆ నేల తాగిన నీళ్లే చుట్టుపక్కల బోర్లకు ఊట. కాబట్టి పార్కును తిట్టడం మన పని కాదు. అయితే ఒకటి గుర్తు పెట్టుకోవాలి. రాజు తన వేట కోసం జనాన్ని బయట ఉంచడం వల్ల ఈ అడవి మిగిలింది. అడవి మిగలడానికి ఇదొక్కటే దారి అని ఎవరైనా అంటే మాత్రం మనం ఒప్పుకోనక్కరలేదు.

లండన్ అంచున ఇట్లాంటిదే ఒకటి

రాజుల వేట అడవి నగరపు పార్కు కావడం మన దగ్గరే జరగలేదు. లండన్ నగరం అంచున ఎప్పింగ్ అనే అడవి ఉంది. అది కూడా ఇంగ్లండు రాజుల వేట అడవే. దాని విస్తీర్ణం సుమారు 6,000 ఎకరాలు. అయితే అక్కడి పల్లె జనానికి ఆ అడవిలో రెండు హక్కులు ఉండేవి. ఒకటి పశువులు మేపుకోవడం, రెండోది చలికాలంలో పొయ్యిలోకి చెట్ల కొమ్మలు నరుక్కోవడం.

19వ శతాబ్దంలో లండన్ పెరిగింది, భూమి ధర పెరిగింది. భూస్వాములు అడవిని ముక్కలు చేసి కంచెలు వేసుకోవడం మొదలుపెట్టారు. లౌటన్ అనే ఊళ్లో విల్లింగేల్ అనే కూలి కుటుంబం కంచె లోపలికి పోయి కొమ్మలు నరికింది. 1866లో ఆ కుటుంబం వాళ్లను జైల్లో పెట్టారు. వాళ్ల గొడవతో మొదలైన వ్యాజ్యాలు ఏళ్ల తరబడి నడిచాయి. నగర పాలక సంస్థ కూడా భూస్వాముల మీద కోర్టుకు పోయింది. చివరికి 1878లో ఎప్పింగ్ అడవి చట్టం వచ్చింది. కంచెలు తీసేశారు. అడవి అందరిదీ అయింది. 1882లో విక్టోరియా రాణి స్వయంగా వచ్చి దాన్ని జనానికి అంకితం చేసింది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. పశువులు మేపుకునే హక్కు మిగిలింది కానీ, కొమ్మలు నరుక్కునే హక్కును అదే చట్టం రద్దు చేసింది. దానికి పరిహారంగా ఊరికి కొంత సొమ్ము ఇచ్చారు. ఆ సొమ్ముతో లౌటన్‌లో కట్టిన భవనం పేరు లాపింగ్ హాల్, అంటే కొమ్మలు నరికేవాళ్ల హాలు. అది ఇప్పటికీ ఉంది. అడవిని కాపాడిన పోరాటం మొదలుపెట్టింది కట్టెలు కొట్టేవాళ్లు. అడవి నగరానికి దక్కింది, కట్టెలు కొట్టేవాళ్లకు హాలు దక్కింది. అయినా వాళ్ల హక్కు ఒకటుందని చట్టం ఒప్పుకుంది, ధర కట్టింది, గుర్తు నిలిపింది. మన శికారు అడవుల అంచు పల్లెల వాళ్ల గుర్తుకు ఎక్కడ ఏ హాలు ఉంది?

అమ్రాబాద్ వేరు

ఇప్పుడు పట్నం నుంచి దక్షిణానికి, శ్రీశైలం దారిలో పోదాం. మన్ననూరు దాటితే నల్లమల. 1940లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు పెంటల్లో ఉండి వాళ్ల బతుకును రాసుకున్నాడు. ఆ పుస్తకం 1943లో అచ్చయింది. గడ్డలు తవ్వడం, తేనె తీయడం, బంక సేకరించడం, విల్లమ్ములతో వేటాడడం, ఒక్కో కుటుంబానికి అడవిలో ఒక్కో తావు ఉండడం, అవన్నీ అందులో ఉన్నాయి. చెంచుల అడవి చెంచులకు ఉండాలన్న ఆలోచనతో ఆ రోజుల్లోనే నిజాం ప్రభుత్వం అమ్రాబాద్‌లో వాళ్ల కోసం ఒక రక్షిత ప్రాంతాన్ని ఏర్పాటు చేసింది. తన వేటకు అడవులు అట్టిపెట్టుకున్న ప్రభుత్వమే, వేట మీద బతికేవాళ్లకూ చోటు ఉండాలని ఒకసారి ఒప్పుకున్నదన్నమాట.

ఆ మాట ఎక్కువ కాలం నిలవలేదు. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, 1983లో పులుల రక్షిత ప్రాంతం ఏర్పడ్డాయి. రాష్ట్రం వేరయ్యాక 2015లో తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతం అయింది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అంటే వనస్థలిపురం పార్కు లాంటివి దాదాపు 180 పడతాయి. ఇప్పటి నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో అది విస్తరించి ఉంది.

ఈ రెండు అడవుల తేడా పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. హరిణ వనస్థలి జనం లేకుండా మిగిలిన అడవి. అమ్రాబాద్ జనంతో కలిసి మిగిలిన అడవి. చెంచులు ఎన్నో తరాలు అక్కడే ఉన్నారు, పులీ అక్కడే ఉంది. ఇప్పుడు పులుల రక్షణకు అటవీశాఖ పెట్టుకున్న కాపలాదార్లలో చెంచు యువకులే ఉన్నారు. పులి అడుగు చూసి అది ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో చెప్పగల చదువు వాళ్లది. ఆ చదువుకు సర్టిఫికెట్టు లేదు, అంతే.

అయినా రెండింటి మీదా ఒకే ఆలోచన పెత్తనం చేస్తున్నది. అడవి అంటే కంచె, లోపల మృగం, బయట మనిషి, నడుమ టికెట్టు. ఆ ఆలోచనతోనే కోర్ ప్రాంతంలోని పెంటలను బయటికి రమ్మంటున్నారు. బయటికి వచ్చే కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీ 2008లో 10 లక్షలు, 2021లో 15 లక్షలు అయింది. చట్టం ఏమంటున్నదో మన యువకులకు తెలియాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సాగు భూమి మీదనే కాదు, అటవీ ఫలసాయం మీద, ఊరి సామూహిక అడవి మీద కూడా హక్కు ఉంది. చెంచుల వంటి ఆదిమ గిరిజన సమూహాలకు తమ ఆవాసం మీదనే హక్కు ఉంది. ముందు ఆ హక్కులు గుర్తించాలి. గ్రామసభ ఒప్పుకోవాలి. పోవడం ఇష్టపూర్వకంగా జరగాలి. ఎవరైనా తమ పిల్లల బడి కోసం, దవాఖాన కోసం బయటికి రావాలనుకుంటే అది వాళ్ల ఇష్టం, దాన్ని తప్పు పట్టే హక్కు మనకు లేదు. కానీ బడీ దవాఖానా లోపలికి ఇవ్వకుండా, అవి కావాలంటే బయటికి రండి అంటే అది ఇష్టం అనిపించుకోదు.

నగరం గొంతు, పెంట గొంతు

2025లో హైదరాబాదులో కంచ గచ్చిబౌలి గొడవ అందరూ చూశారు. కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే విద్యార్థులు అడ్డం పడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేయమంది. ఆ పిల్లల్లో మన పిల్లలూ ఉన్నారు. ఆ ఊరి పేరులోనే కంచ ఉంది చూశారా! ఒకప్పుడు పశువులు మేసిన బీడు అది.

నల్లమలలో యురేనియం తవ్వుతారన్నప్పుడు కూడా చెంచులు, లంబాడీలు, ఊళ్ల రైతులు, పట్నంలోని చదువుకున్నవాళ్లు ఒక్కటై నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. నగరం గొంతు, పెంట గొంతు కలిస్తే ఏమవుతుందో అక్కడ తేలింది. యురేనియం కోసం అయితే అడవి పోవద్దన్నాం. పులి కోసం చెంచు పోవాలంటే మాత్రం నగరం గొంతు మెత్తబడుతున్నది. వారాంతం పార్కులో నడిచే మనిషికి అడవి అంటే మనుషులు లేని చోటు అని అలవాటు కావడమే దీనికి కారణం. ఈ అలవాటును మార్చాల్సింది చట్టం ఒక్కటే కాదు, బడి కూడా.

పార్కుకు పోయినప్పుడు ఏం చేయాలి

మహబూబ్‌నగర్ దగ్గర్లోని పిల్లలకు వనస్థలిపురం దాకా పోనక్కరలేదు. అప్పన్నపల్లి దగ్గర రిజర్వు అడవిలోనే రెండువేల ఎకరాలకు పైగా పట్టణ పార్కు ఉంది. దగ్గరలో పిల్లలమర్రి ఉంది. 700 ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రి 2017 డిసెంబరులో ఒక పక్క కూలితే, మనిషికి సెలైన్ ఎక్కించినట్టు మందు ఎక్కించి బతికించారు. ఒక చెట్టుకు ఇంత సేవ చేయగల సర్కారు, చెట్టు కింద బతికినవాళ్లకు ఏం చేయగలదో అడగడానికి అది మంచి చోటు.

పార్కులో అడుగు పెట్టగానే పిల్లలతో బోర్డులన్నీ చదివించండి. జంతువుల పేర్లు ఎన్ని ఉన్నాయి? రాజుల పేర్లు ఎన్ని? మేపుకున్నవాళ్ల పేరు, కట్టెలు ఏరుకున్నవాళ్ల పేరు, హాకా కొట్టినవాళ్ల పేరు ఎక్కడైనా ఉందా? రాసుకొమ్మనండి.

తర్వాత చెట్ల పేర్లు. బోర్డు మీద ఉన్న పేరు ఒక గడిలో, తెలుగు పేరు ఇంకో గడిలో, గోర్‌బోలీ పేరు, చెంచుల పేరు, ఎరుకల పేరు మరో గడిలో రాయించండి. ఖాళీ గడులు మిగులుతాయి. వాటిని ఇంటికి పోయి తాతను, నానమ్మను అడిగి నింపాలి. ఒక తరం గడిచిందంటే ఆ గడులు ఖాళీగానే ఉండిపోతాయి. పేరు పోయిన చెట్టుకు మందు పోతుంది, మందు పోతే దాన్ని తెలిసిన మనిషి విలువ పోతుంది.

మూడోది, ఊరి కంచల జాబితా. మీ తండా చుట్టూ పశువులు ఎక్కడ మేసేవి? ఏ గుట్ట, ఏ వాగు, ఏ బీడు? ఇప్పుడు అక్కడ ఏముంది? ప్లాటా, పట్టా భూమా, ప్లాంటేషనా? పెద్దలు చెప్పిన హద్దులను పిల్లలు కాగితం మీద గీయాలి. ఇది చరిత్ర పాఠం మాత్రమే కాదు. సామూహిక అటవీ హక్కు కోసం గ్రామసభ దరఖాస్తు పెట్టుకునేటప్పుడు పెద్దల వాంగ్మూలం, ఊరి పటం సాక్ష్యాలుగా పనికి వస్తాయి. మీ బడి పిల్లవాడు గీసిన బొమ్మ రేపు మీ ఊరి దస్తావేజు కావచ్చు.

శికార్‌గాలకు పటాలు ఉన్నాయి, ఫోటోలు ఉన్నాయి, రాజముద్రలు ఉన్నాయి. కంచలకు, పెంటలకు ఉన్నది పెద్దల జ్ఞాపకం ఒక్కటే. అది పోయేలోపు రాసుకోవడం మన చేతిలో ఉన్న పని. ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెడదాం.